మధ్యాహ్నం ఊగని ఆంప్లిఫయరు

మా ఆవిడ ఆర్డెల్ గిటారు వాయిస్తుందని చెబితే పైఊరి వాళ్ళు ముందు ఆమె చేతుల వంక చూస్తారు. రెండు మణికట్లకీ తెల్ల టేపు కట్టు ఉంటుంది. చేపల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి కత్తి పట్టి క్యాట్‌ఫిష్ కోసిన చేతులవి. లోపల నరం నొక్కుకుపోతే డాక్టరు కోసి సర్దాడు, అయినా చలికాలం పొద్దున్నే కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకోవాల్సిందే. ఈ చేతులతో ఏం వాయిస్తుందిలే అన్నట్టు వాళ్ళు మొహామొహాలు చూసుకుంటారు. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. విన్నాక మాట్లాడండయ్యా అంటాను.

ఆర్డెల్ వేగంగా వాయించదు. వాయించలేదు కూడా. తీగలన్నీ కలిపి ఒక్కసారి మీటి వదిలేస్తుంది, అంతే. మిగతా పనంతా ఆమె వెనక ఉన్న పాత వాల్వుల ఆంప్లిఫయరు చేస్తుంది. అందులో ట్రెమొలో అని ఒక ఏర్పాటుంది. దాని మర తిప్పితే మీటిన శబ్దం ఒకే మట్టాన ఉండకుండా పెరుగుతూ తగ్గుతూ, పెరుగుతూ తగ్గుతూ ఊయలలా ఊగుతుంది. ఆ ఊపు మీద పాట కూర్చుంటుంది. శబ్దం దిగిన చోట పాడేవాళ్ళు ఊపిరి తీసుకుంటారు, లేచిన చోట గొంతు ఎత్తుతారు. చేతిలో లేని బలాన్ని మా ఆవిడ ఆ పెట్టెలో దాచుకుంది.

మాది మిసిసిపీ డెల్టాలో న్యూ షైలో చర్చి సంఘం. మా పాటల బృందం పేరు షైలో పిల్‌గ్రిమ్స్. ముందు నిలబడి పాడేది మా వదిన లువేనియా, ఆర్డెల్‌కి తోడబుట్టిన అక్క. పక్కన సగ్స్ అన్నదమ్ములిద్దరు. అట్టడుగు గొంతు నాది. డ్రమ్ముల్లేవు, కీబోర్డు లేదు. ఉన్నదల్లా ఆ గిటారే. ఉదయం ఆరాధన గాయకబృందానిది, మా పాటలు మధ్యాహ్నం మూడింటికి, అందరూ తిని కాస్త మత్తుగా ఉన్న వేళ. ఆ వేళ జనాన్ని లేపి నిలబెట్టాలంటే మాటలు కాదు.

ఈ మార్చిలో వచ్చిన గాలివానకి చర్చి పడమటి కిటికీ రంగుటద్దాలు పగిలిపోయాయి. సంఘం వాళ్ళు అప్పటికి మామూలు అద్దం బిగించారు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఈస్టర్ మధ్యాహ్నం మా పాట చచ్చిపోయింది. ఆర్డెల్ తీగలు మీటింది, ట్రెమొలో మర చివరంటా తిప్పింది, కానీ శబ్దం ఊగలేదు. ముసలాయన తల ఊపినట్టు ఏదో కాస్త కదిలి ఊరుకుంది. మా వదిన ఊపిరి తీసుకునే చోటు దొరక్క చరణం మధ్యలో దగ్గింది. పాతికేళ్ళలో ఆమె పాటలో దగ్గడం నేను వినలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర, వేయించిన చేప, మొక్కజొన్న రొట్టె ముందు పెట్టుకుని మా వదిన అనాల్సింది అనేసింది.

"చెల్లీ, నీ చేతుల్లో పస తగ్గిందే. ఎవరూ నీ మొహం మీద అనరు గనక నేనే అంటున్నా. జూన్‌లో మన వార్షికోత్సవానికి గ్రీన్‌విల్ నించి గిటారు వాయించే డెమెట్రిక్‌ని పిలుద్దాం. నువ్వు ముందు వరసలో కూర్చుని హాయిగా విను."

"చెయ్యి కాదక్కా. ట్రెమొలో బలం తగ్గింది," అంది ఆర్డెల్.

"మొన్న బుధవారం రాత్రి ప్రార్థనకి బాగానే ఊగిందిగా? మిషనుకి ఆదివారం సెలవా ఏంటి?"

సగ్స్ అన్నదమ్ములు నవ్వారు. ఆర్డెల్ నవ్వలేదు. చేతిలో రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టి, వార్షికోత్సవం దాకా గిటారు కుర్చీ తనదని, ఆ రోజు కూడా శబ్దం ఊగకపోతే తనే లేచి డెమెట్రిక్‌ని కూర్చోబెడతానని అందరూ వినేలా చెప్పింది. ఆమె అలా చెప్పిందంటే దానికి తిరుగులేదు.

ఆ కుర్చీ అంటే ఆమెకేమిటో నాకు తెలుసు. పెళ్ళికి ముందు ఆర్డెల్ ఊళ్ళో పర్విస్ గారి టీవీ రిపేరు దుకాణంలో పనిచేసేది. ఊడ్చడానికి పెట్టుకున్నాడు, చూస్తుండగానే టంకం పెట్టడం నేర్చేసుకుంది. పనికిరాదని జనం వదిలేసిన రేడియోలు ఇంటికి మోసుకొచ్చి మళ్ళీ మాట్లాడించేది. టీవీలు చవకైపోయి రిపేరుకి వచ్చేవాళ్ళు లేక దుకాణం మూతబడింది. ఇక మా వైపు ఉన్నది చేపల ఫ్యాక్టరీ ఒక్కటే. అందులో చేరింది. చల్లని నీళ్ళలో, పరిగెత్తే బెల్టు ముందు నిలబడి చేతులు పోగొట్టుకుంది. చేతులు పోయాక ఫ్యాక్టరీ వాళ్ళు దండం పెట్టి పంపించారు. చెరువుల్లో చేపలకి మేత వేసే లారీ తోలతాను నేను, ఇల్లు గడిచిపోతుంది. కానీ ఆర్డెల్‌కి తనదంటూ మిగిలింది వారానికో మధ్యాహ్నం, ఆ కుర్చీ, ఆ పెట్టె. అది కూడా పోతే ఆమె వంటింట్లో కూర్చుని తన చేతుల్ని చూసుకుంటూ ఉండాలి. అది నేను చూడలేను.

ఇక మా వదిన సంగతి. ఆమె నోరు మంచిది కాదు గానీ మనసు మంచిది. చర్చిలో తెల్ల యూనిఫాం వేసుకునే నర్సుల సంఘానికి ఆమే పెద్ద. పాట మధ్యలో పరిశుద్ధాత్మ ఆవేశించి కూలిపోయే వాళ్ళని పట్టుకోవడం, విసనకర్రతో విసరడం, మంచినీళ్ళు పట్టడం వాళ్ళ పని. పాడేటప్పుడు కూడా ఆమె ఆ తెల్ల బట్టలు మార్చదు. ప్రతి కార్యక్రమానికీ ముందు నర్సుల గదిలో కూర్చోబెట్టి చెల్లెలి మణికట్లకి టేపు చుట్టేది ఆవిడే. ఇంకెవరినీ చుట్టనివ్వదు. నేను చుడితే పందికి కట్టినట్టు ఉంటుందట.

ఈస్టర్ మర్నాడే ఆర్డెల్ పెట్టెని కారు షెడ్డులో బల్ల మీదకి ఎక్కించింది. నేనే ఎక్కించాను, ఆమె చెప్పింది. ఎవరో సారా అంగడి పాటగాడు సంఘంలో చేరి బుద్ధి తెచ్చుకున్నాక అమ్మిన పెట్టె అది. వెనక మూసే చెక్క పలక అప్పటికే లేదు. ముందు వాల్వులు, అంటే లోపల వెలిగే గాజు బుడ్లు, చూసింది. ఊపు పుట్టించే వాల్వు తీసి అలాంటిదే ఇంకోటి పెట్టింది. తేడా లేదు. ఆ ఊపు వేగాన్ని నిర్ణయించే కండెన్సర్లు మూడుంటాయట, పాతబడితే వాటిలోంచి కరెంటు కారిపోయి ఊపు చచ్చిపోతుందట. తన పాత డబ్బాలోంచి మంచివి ఏరి వేసింది. చెయ్యి వణికిన చోట ఆగి, రెండో చేత్తో మణికట్టు పట్టుకుని మళ్ళీ టంకం పెట్టింది. సాయం చేస్తానంటే నా వేళ్ళు చూసి వద్దంది.

ఆ సాయంత్రం తీగ మీటితే షెడ్డంతా ఊగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. రోగం కుదిరింది, మీ అక్కకి చెబుదాం పద అన్నాను. ఆదివారం దాకా ఆగమంది.

ఆదివారం మూడింటికి పెట్టె మళ్ళీ మొండికేసింది. శబ్దం కూడా ఒక మెట్టు దిగినట్టు ఉంది. ఇంటికి తెచ్చి మీటితే భేషుగ్గా ఊగుతుంది. చర్చికి తీసుకెళితే పడుకుంటుంది. చర్చి కరెంటులోనే తేడా ఉందేమోనని ఆర్డెల్ మీటరు పెట్టి చూసింది, పాస్టరు గారింటి నుంచి పొడుగు వైరు లాగి చూసింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. సాతాను పనేనని పెద్ద సగ్స్ తేల్చేశాడు. సాతానుకి వేరే పనేం లేదా, మా ఆవిడ పెట్టెలో దూరి కూర్చోడానికి అన్నాను.

మే నెలలో ఒక ఆదివారం పొద్దుటి నుంచీ ముసురు. ఆ మధ్యాహ్నం ఊపు బ్రహ్మాండంగా వచ్చింది, జనం లేచి నిలబడ్డారు. ఆర్డెల్ మొహం వెలిగిపోయింది. అయిపోయాక మా వదిన దగ్గరకొచ్చి, చల్లగా ఉంది కదా, నీ చేతులకి ఇవాళ హాయిగా ఉన్నట్టుంది అంది. ప్రేమగానే అంది. ఆ ప్రేమకి మా ఆవిడ గిటారు ఎత్తుకుని బండి దగ్గరకి నడిచింది. మర్నాడు ఎండ కాసింది, పై ఆదివారం పెట్టె మళ్ళీ పడుకుంది. మా వదిన డెమెట్రిక్‌కి ఫోన్ చేసి రమ్మంది.

అప్పటికి నా ఓపిక అయిపోయింది. ఇప్పుడు ఇలాంటి ఊపు తెచ్చేవి, కాలితో నొక్కే చిన్న డబ్బాలు వస్తున్నాయి, అదొకటి తెచ్చుకుని ఈ ముసలి పెట్టెని చెరువులో పడేద్దాం అన్నాను. కొత్తది తెస్తే తప్పు చేతిదో పెట్టెదో ఈ జన్మకి తేలదని ఆర్డెల్ అంది. తేలాలి అంది. తేలేదాకా తనకి అన్నం సయించదట.

వార్షికోత్సవానికి ముందురోజు, శనివారం, పెట్టెని బండెక్కించమంది. చర్చిలో శనివారం ఎవరూ ఉండరు కదా అన్నాను.

"ఇంట్లో ఆరోగ్యంగా తిరిగే రోగిని ఇంట్లో ఎన్నిసార్లు చూస్తే ఏం లాభం? అది ఎక్కడ పడుకుంటుందో అక్కడ, ఏ వేళకి పడుకుంటుందో ఆ వేళకి చూడాలి. పద."

మూడింటికి పెట్టెని దాని చోటులో, పడమటి కిటికీ పక్కన పెట్టాం. ఆర్డెల్ మీటింది. ఊపు లేదు. గిటారు నా చేతికిచ్చి, తను చెప్పినప్పుడల్లా తీగలన్నీ కలిపి మీటమని, ఇంకే తెలివితేటలూ చూపించొద్దని పెట్టె వెనక్కి వెళ్ళి వంగింది. మీటాను. ఊగింది. శుభ్రంగా, ఇంట్లో ఊగినట్టే ఊగింది. ఏం చేశావని అడిగితే ఏమీ చెయ్యలేదంది. లేచి నిలబడింది. ఊపు పోయింది. మళ్ళీ వంగింది. మళ్ళీ వచ్చింది.

"నీ మొహం చూస్తే దానికి భయమే, నాకున్నట్టే," అన్నాను.

ఆమె వినలేదు. ఈసారి పెట్టె వైపు కాకుండా కిటికీ వైపు చూసింది. తర్వాత తన అరచెయ్యి తెచ్చి కిటికీకీ పెట్టెకీ మధ్య అడ్డంగా పెట్టింది. ఊగింది. చెయ్యి తీసింది. ఆగింది. అప్పుడు నా కళ్ళకి కూడా అందింది. పెట్టె వెనక ఎండ పడుతోంది. ఆర్డెల్ వంగితే ఆమె నీడ పడుతోంది.

నన్ను పిలిచి లోపల చూపించింది. కరెంటు టెస్టర్లో వెలిగే ఎర్ర బల్బు లాంటిది ఒకటి, వెలుగుతూ ఆరుతూ ఉంది. దానికి ఎదురుగా కన్ను లాంటి చిన్న బిళ్ళ. బల్బు వెలిగినప్పుడల్లా ఆ కన్ను శబ్దాన్ని తగ్గిస్తుంది, ఆరినప్పుడల్లా వదిలేస్తుంది. ఊపంటే అదే. ఆ కన్నుకి ఆ బల్బు తప్ప ఇంకే వెలుతురూ కనబడకూడదు, కనబడితే శబ్దాన్ని ఎప్పుడూ తగ్గించే ఉంచుతుంది. అందుకని రెంటినీ కలిపి నల్ల గొట్టంలో మూసి ఉంచుతారు. కానీ ఇక్కడ నల్ల గొట్టం లేదు. తెల్ల టేపు ఉంది.

అది ఎలా వచ్చిందో ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. కిందటి ఆగస్టు ఉజ్జీవ ప్రార్థన కూటాల్లో ఎండిపోయిన ఆ గొట్టం పొడిపొడిగా రాలిపోయింది. జనం ఎదురుచూస్తున్నారు. అప్పుడు మా వదినే నర్సుల సంచిలోంచి టేపు చుట్ట తీసి, మనుషులకి పనికొచ్చేది మిషనుకి పనికిరాదా అంటూ చెల్లెలి మణికట్టుకి చుట్టినట్టే అందంగా చుట్టింది. కిటికీకి రంగుటద్దాలు ఉన్నన్నాళ్ళూ ఎండ మసగ్గా వచ్చేది, ఆ తెల్ల టేపుతోనే పని జరిగిపోయింది. మామూలు అద్దం పెట్టాక ఎండ నేరుగా వచ్చి పడుతోంది. ఆర్డెల్ తన చేతి కట్టు కొస ఊడదీసి కిటికీకి ఎదురుగా పట్టింది. గుడ్డ పోగుల మధ్య నుంచి వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు వచ్చేస్తోంది.

"నా చెయ్యి కాదు, క్లియోటిస్," అంది నాతో. ఇంకోసారి అంది. అని ఆ కుర్చీలో కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడం ఎందుకు.

ఏడుపు అయ్యాక నాకు కోపం వచ్చింది. ఇప్పుడే వదిన ఇంటికి వెళ్ళి, నీ టేపు చేసిన నిర్వాకం చూడమ్మా అని వాకిట్లో నిలబడి అరుస్తానన్నాను. ఆర్డెల్ నా చొక్కా పట్టుకుని ఆపింది. అక్కకి తనే చెబుతానంది. తెల్ల టేపు పీకబోతే బల్బు సన్న కాడలు విరుగుతాయని, అలాంటి పాత బల్బు ఇప్పుడు ఎక్కడా దొరకదని, దాని మీదే వైర్లకి చుట్టే నల్ల టేపు రెండు పొరలు వేసింది. ఎండలోనే మీటాం. చర్చి కిటికీలు అదిరాయి.

ఆదివారం మంచినీళ్ళ డబ్బా మోసుకుని నర్సుల గది గుమ్మంలోకి వెళ్ళేసరికి వదిన చెల్లెలి చేతికి టేపు చుడుతోంది. ఆర్డెల్ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎక్కడా ఎత్తిపొడవలేదు.

"అంటే తప్పంతా నా టేపుదంటావు," అంది మా వదిన.

"టేపుది కాదక్కా. ఎండది."

"డెమెట్రిక్ వచ్చి కూర్చున్నాడు. ఇవాళ నువ్వు వాయిస్తానంటే వాయించు. నేను అడ్డం రాను."

అంతే. కట్టు గట్టిగా లాగి, కొస చించి, టేపు చుట్ట సంచిలో పడేసి వెళ్ళిపోయింది. ఆమెకి నమ్మకం కుదరలేదని నాకు అర్థమైంది. రెండో వరసలో డెమెట్రిక్ గిటారు పెట్టె ఒళ్ళో పెట్టుకుని మర్యాదగా కూర్చున్నాడు. పాపం, అతని తప్పేముంది.

వార్షికోత్సవానికి వచ్చిన బృందాలన్నీ మా ఆంప్లిఫయరు మీదే పాడాయి, గంటల తరబడి. వాల్వులు కాగి కాగి, దగ్గరికెళితే మొహానికి సెగ తగులుతోంది. మా వంతు వచ్చేసరికి ఎండ సరిగ్గా పడమటి కిటికీలోకి దిగింది. మొదటి పాట బాగా సాగింది. రెండోది నెమ్మదిగా నడిచే పాట, మా వదినకి ప్రాణం లాంటిది. ఆ పాటలో ముందుండి పాడేవాళ్ళు మైకు వదిలేసి జనం మధ్యకి నడవడం మా దగ్గర ఆనవాయితీ. ఆ నడకలోనే జనం లేస్తారు. మా వదిన నడిచింది. గుమ్మం దాకా వెళ్ళింది.

అప్పుడు ఊపు తగ్గడం మొదలైంది. ఓరగా చూశాను. సెగకి బంక కరిగి, నల్ల టేపు తెల్ల టేపు మీద నుంచి జారి వేలాడుతోంది. ఆర్డెల్ కూడా చూసింది. ఆమె చెయ్యి తీస్తే పాట ఆగిపోతుంది. నేను మైకు వదిలితే పాట కింద నేల ఉండదు. సగ్స్ అన్నదమ్ములకి ఏం జరుగుతోందో తెలియదు. ఆర్డెల్ పెదవి కొరుక్కుని, ఆ కట్ల చేతులతో, ఊపు తన చేత్తోనే తేవాలని గబగబా మీటసాగింది. అలా ఆమె ఎంతోసేపు మీటగలిగే మనిషి కాదు. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అయినా కుర్చీలోంచి కదల్లేదు. రెండో వరసలో డెమెట్రిక్ తన పెట్టె గొళ్ళెం తీసిన చప్పుడు నాకు వినబడింది.

గుమ్మం దగ్గర మా వదిన పదం మధ్యలో ఆగింది. ఊపిరికి చోటు దొరకలేదు. అక్కడి నుంచే చెల్లెలి చేతులు చూసింది, తర్వాత పెట్టెని చూసింది, తర్వాత కిటికీని చూసింది. చూసి వెనక్కి తిరిగింది. ఆత్మ తిప్పుతోందనుకుని జనం చేతులెత్తారు. ఆమె పాడుతూనే వరసల మధ్య నుంచి వచ్చింది, మైకు దాటింది, నన్ను పక్కకి తోసింది, పెట్టె వెనక్కి వెళ్ళి కిటికీకి వీపు పెట్టి నిలబడింది. ఆ తెల్ల యూనిఫాం మనిషి నీడ పెట్టె మీద నిండుగా పడింది.

శబ్దం ఊగింది. ఆర్డెల్ చేతిని తీగల మీద నుంచి ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. ఒక్కసారి మీటి వదిలేస్తే చాలు ఇప్పుడు.

మైకు లేదు, జనానికి మొహం కనబడదు. ఆ మూల నుంచే మా వదిన పాట మొత్తం పాడింది. ఎక్కడా దగ్గలేదు. చర్చిలో కూర్చున్నవాళ్ళు లేరు. డెమెట్రిక్ కూడా లేచాడు, అతని పెట్టె బెంచీ కిందకి పోయింది.

పాట ముగింపుకొచ్చేసరికి సూర్యుడు కాస్త జరిగాడు, ఎండ సన్నని పట్టీలా వదిన భుజం పక్క నుంచి పెట్టె మీద పడింది, ఊపు ఒక్క రవ్వ తగ్గింది. ఆర్డెల్ వెనక్కి తిరగలేదు.

"అక్కా, కొంచెం ఎడమకి," అంది.

పుట్టి బుద్ధెరిగాక ఎవరి కోసమూ అడుగు పక్కకి వెయ్యని మా వదిన ఎడమకి జరిగి నిలబడింది.